కార్డు ఉన్న కార్డ్‌లెస్

పెద్దకోడలి ఫిర్యాదు న్యాయమైనదే. ఈ సంగతి ముందుగా చెప్పడం మంచిది. లేకపోతే చదివేవారు సగంలోనే చిన్నకోడలి పక్షం చేరిపోయి రెండో వైపు వినడం మానేస్తారు.

ఆమె ఆసుపత్రిలో నర్సు. తెల్ల యూనిఫాం, తెల్ల బూట్లు. తెల్లవారగానే ఇంటి కారు నడుపుకుంటూ డ్యూటీకి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది. తలుపు పక్కన కొక్కేనికి ఆమె తగిలించిన తాళంచెవి ఊగడం ఆగకముందే చిన్నకోడలు దాన్ని అందుకుని బయలుదేరుతుంది. ఆమెది మొక్కల పని. మేడ మీద పెంచిన మొక్కలను ఆఫీసులకు ఇచ్చి, వారం వారం వెళ్ళి నీళ్ళు పోసి, ఎండిన ఆకులు తుంచి, వాడిపోయినవాటిని వెనక్కి తెచ్చి వాటి స్థానంలో కొత్తవి పెడుతుంది. వెనక్కి వచ్చే కుండీ ఒంటరిగా రాదు. మట్టిని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ మట్టి ఆమె బట్టల వెంట డ్రైవరు సీటు కుట్లలోకి, సీటు జరిగే ఇనుప పట్టాల సందుల్లోకి, తలుపు జేబుల్లోకి చేరి, మర్నాడు ఉదయం తెల్ల యూనిఫాం కోసం ఎదురుచూస్తుంది.

ఆ వారం మేట్రన్ పెద్దకోడలిని వార్డు మధ్యలో నిలబెట్టి, రోగులందరూ వింటుండగా, "నువ్వు ఇంటి నుంచి వస్తున్నావా, పొలం నుంచి వస్తున్నావా?" అని అడిగింది. ఆమె నడుము వెనక, యూనిఫాం మీద, అరచేయంత మట్టి మరక ఉంది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఆమె అత్తగారికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తయ్యా, ఇక నావల్ల కాదు. ఆ కారులో మొక్కలైనా ఎక్కాలి, నేనైనా ఎక్కాలి."

"మొక్కలకు డ్రైవింగ్ రాదు కదక్కా," అంది చిన్నకోడలు.

"నవ్వులాట కాదు చెల్లీ. పన్నెండేళ్ళ సర్వీసులో ఒక్క మాట పడలేదు నేను. నిన్న చేరిన పిల్లల ముందు పడ్డాను."

చిన్నకోడలి ముఖంలో నవ్వు మాయమైంది. "రోజూ దులుపుతూనే ఉన్నానక్కా. చీపురు పెడితే మట్టి సీటు కిందికి పోతుంది. చెయ్యి పెడితే చెయ్యి పట్టదు. నేనేం చెయ్యను?"

అత్తగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆమె న్యాయస్థానంలో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. జడ్జి నోటివెంట మాట వెలువడటం, అది ఆమె వేళ్ళ కింద అక్షరమై పడటం ఒకేసారి జరిగేవి. ఉద్యోగం ముగిసినా ఆ గది గాలి ఆమెను వదల్లేదు. అందుకే చిన్నకొడుకు చాటుగా ఆమెకు 'జడ్జిగారు' అని పేరు పెట్టాడు. అతను ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. ఆ వారమంతా రాత్రి డ్యూటీ పడి పగలల్లా నిద్రపోయాడు కనుక ఈ వ్యవహారంలో అతని వాంగ్మూలం లేదు.

"నీ కోరిక ఏమిటి? స్పష్టంగా చెప్పు," అన్నారు అత్తగారు పెద్దకోడలితో.

"కారులో మొక్కలు ఎక్కించకూడదు."

"నీ సమాధానం?" అని రెండో కోడలి వైపు తిరిగారు.

చిన్నకోడలికి చెప్పవలసింది చాలా ఉంది. ఆమె పనిచేసిన విత్తనాల దుకాణం మూతపడ్డాక కొంతకాలం ఇంట్లో ఉండిపోయింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: 'ఖాళీగానే ఉన్నావుగా.' ఖాళీగానే ఉన్నావుగా, కాస్త కరెంటు బిల్లు కట్టిరా. ఖాళీగానే ఉన్నావుగా, ఈ చొక్కాలు ఇస్త్రీ చెయ్యి. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరూ కసిరి చెప్పలేదు. అయినా సాయంత్రమయ్యేసరికి ఆమె రోజు మొత్తాన్ని తలా ఒక ముక్క తీసుకుపోయేవారు. మొక్కల పని మొదలుపెట్టాక ఆ మాట ఆగిపోయింది. కుండీలను బస్సులో ఎక్కించుకోరు. అద్దె బండి పెట్టుకుంటే పనికి అర్థం లేదు. కారు లేకపోతే మొక్కలు లేవు. మొక్కలు లేకపోతే మళ్ళీ ఆ మాట.

"కారు లేకపోతే నా పని పోతుంది అత్తయ్యా," అని మాత్రం అంది.

ఇద్దరి మాటా నిజమే. అత్తగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. కారు ఆమె భర్త వదిలి వెళ్ళినది. బూడిదరంగుది, నాలుగు తలుపులది. తీర్పు చెప్పవలసింది ఆమే.

"ఆదివారం ఉదయం కారు చూస్తాను. తెల్ల రుమాలుతో సీటు తుడుస్తాను. రుమాలుకు మట్టి అంటితే మొక్కలు దిగాలి. అంటకపోతే ఈ మాట ఈ ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు. అప్పటివరకు యథాతథ స్థితి."

"రుమాలు నేనిస్తాను," అంది పెద్దకోడలు.

అంతవరకు ఫోన్‌లో తల దూర్చి ఉన్న పెద్దకొడుకు అప్పుడు నోరు విప్పాడు. అతను బీమా ఆఫీసులో పనిచేస్తాడు. దువ్వెన కొనవలసి వచ్చినా పది మంది ఏమన్నారో చదివి కాని కొనడు. "దీనికింత గొడవెందుకమ్మా? కారు లోపలికని ప్రత్యేకంగా వాక్యూమ్ క్లీనర్లు వస్తున్నాయి. నాకు వదిలెయ్యి. రెండు రోజుల్లో తేల్చేస్తాను."

తేల్చడం అతనికి ఇష్టమైన పని. రెండు రోజులూ పీల్చే శక్తి గురించీ, బ్యాటరీల గురించీ భార్య వినకపోయినా చెప్పాడు. మొక్కలకు నీళ్ళు పోస్తున్న మరదలు వెంటపడి మరీ చెప్పాడు. ఆ ఇద్దరిలో యంత్రం ఎవరి చేతిలో ఉండబోతోందో, ఆ చెయ్యి ఎంత బరువు మోయగలదో మాత్రం అడగలేదు.

శుక్రవారం అత్తగారు పెన్షన్ కార్యాలయం పని ముగించుకుని, పక్క వీధిలో ఉన్న ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం మెట్లు ఎక్కుతుండగా పెద్దకొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, షాపు దగ్గరున్నావా? బాగా విను. మనకు కావలసింది కార్డ్‌లెస్. వాడు కార్డ్ ఉన్నది అంటగట్టబోతాడు, వద్దను."

బస్సు ఒకటి హారన్ మోగిస్తూ పోయింది.

"కార్డు లేనిదా?"

"అవునమ్మా, కార్డ్ లేనిదే. కార్డ్ ఉంటే మనకు పనికిరాదు."

"ఒరేయ్, ఆలోచించే మాట్లాడుతున్నావా?"

"రెండు రోజులుగా అదే ఆలోచన కదమ్మా. మీటింగుంది, పెట్టేస్తున్నా."

అత్తగారు మెట్టు మీదే ఆగిపోయారు. ఆ ఇంట్లో కార్డు అంటే ఒకటే అర్థం. ఒకప్పుడు కొత్త ఇస్త్రీపెట్టె కాలిపోతే పట్టుకెళ్ళగా, దుకాణంవాడు చెయ్యి చాచి "గ్యారంటీ కార్డేదండీ?" అన్నాడు. కార్డు లేదు. ఇస్త్రీపెట్టె తలుపుకు అడ్డుగా పెట్టడానికి పనికొచ్చింది. ఆనాటి నుంచి కార్డులన్నీ ఆమె బీరువాలో బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉంటాయి. అలాంటి ఇంటి పెద్దకొడుకు, బీమా ఆఫీసులో పనిచేస్తూ, కార్డు ఇస్తానన్నా వద్దనమంటున్నాడు! నాలుగు డబ్బులు తగ్గుతాయని కాబోలు. విన్నది విన్నట్టు టైపు కొట్టడమే ఆమె జీవితమంతా చేసిన పని. తప్పు విని ఉండవచ్చునన్న అనుమానం ఆమెకు రాలేదు. తప్పు మాటకు లొంగకూడదని మాత్రమే తోచింది.

"కారు లోపల శుభ్రం చేసే వాక్యూమ్ క్లీనర్ చూపించండి," అన్నారు లోపలికి వెళ్ళి.

మెడలో కొలత టేపులా చార్జర్ తీగ వేసుకున్న దుకాణదారు లేచాడు. "రండి అమ్మగారూ. కార్డ్‌లెస్ చూపిస్తాను."

"చూపించవద్దు. నాకు కార్డు ఉన్నదే కావాలి."

"కారుకంటే అందరూ కార్డ్‌లెస్సే తీసుకుంటున్నారండీ."

"అందరూ చేస్తే తప్పు ఒప్పవుతుందా? రేపు చెడిపోతే కార్డేదని మీరే అడుగుతారు."

చివరి మాట అతనికి అర్థం కాలేదు. అయితే అర్థం కాని మాటలు చెప్పే కొనుగోలుదారులను అతను రోజూ చూస్తాడు. "మీ ఇష్టమమ్మా. కార్డ్ పొడుగుదా, పొట్టిదైనా సరేనా?"

"పొడుగుదే ఇవ్వండి. ఎంత కాలం వస్తే అంత మంచిది."

"చాలా కాలం వస్తుందండీ. మంచి గట్టి కార్డ్."

ఇద్దరూ పూర్తి సంతృప్తితో విడిపోయారు.

ఇంటికి వచ్చాక పెట్టె విప్పింది చిన్నకోడలు. యంత్రం బయటికి వచ్చింది. దాని తోక వస్తూనే ఉంది. ఆమె లాగుతున్న కొద్దీ నల్లటి తీగ చుట్టలు చుట్టలుగా నేల మీద పడింది.

"అత్తయ్యా, ఇదేమిటి?"

"కార్డు అందులో లేదు. నా సంచిలో ఉంది," అంటూ అత్తగారు గ్యారంటీ కార్డును తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నారు.

పెద్దకొడుకు తల పట్టుకున్నాడు. "అమ్మా! కార్డ్‌లెస్ అన్నాను కదా!"

"అన్నావు. నేను ఒప్పుకోలేదు. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లోకి కార్డు లేని వస్తువు రాలేదు. ఇక ముందూ రాదు."

ముందుగా అర్థమైంది పెద్దకోడలికి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆపైన గోడకు చేరబడింది, చివరికి తీగ చుట్టల పక్కనే నేల మీద కూలబడి కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. "ఏవండీ... మీరన్నది తీగ! అత్తయ్య విన్నది గ్యారంటీ కార్డు!"

అత్తగారు చేతిలో కార్డును, నేల మీద తీగను మార్చి మార్చి చూశారు.

"తీగను తీగ అనడానికి నీకేం వచ్చిందిరా?" అన్నారు కొడుకుతో.

"ఇంగ్లీషులో రెండూ వేరమ్మా! స్పెల్లింగే వేరు!"

"స్పెల్లింగ్ చెవికి వినబడుతుందట్రా? నువ్వు నోరు సరిగా తెరవకుండా అన్నదాన్ని నేను చెవులు తెరుచుకుని విన్నాను. అది నా తప్పా?"

అందరూ నవ్వుతున్నప్పుడు చిన్నకోడలు వరండాలోకి వెళ్ళి కిందికి చూసింది. మూడంతస్తుల కింద, సందు చివర, దీపస్తంభం పక్కన కారు ఆగి ఉంది. అక్కడ ప్లగ్గు పెట్టే చోటు లేదు. తీగ ఎంత పొడుగైనా రెండో అంతస్తు మెట్ల మలుపు దాటదు. ఎల్లుండే ఆదివారం.

ఆమె వెనక్కి తిరిగేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఆమెనే చూస్తున్నారు.

"పొరపాటు నాది," అన్నారు ఆమె. లోపల నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట ఆ నోట వినడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. "పొరపాటు ఒకరిది, శిక్ష మరొకరికి కాకూడదు. రేపు మధ్యాహ్నం కారు రాగానే దుకాణానికి వెళ్దాం. అందరూ రండి. ఈసారి సాక్షులు ఉండటం మంచిది."

"నేను ఎంచిన మోడల్ ఉందమ్మా, దానికంటే బలమైనది లేదు," అన్నాడు పెద్దకొడుకు.

"పట్టుకుని ఊడ్చేది నువ్వా?"

"నేను... కాదనుకో."

"అయితే ఎంచేది నువ్వూ కాదు."

మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు యూనిఫాం కూడా మార్చుకోకుండా నలుగురినీ కారు ఎక్కించుకుని దుకాణం ముందు ఆపింది. నలుగురిలో నాలుగోది, సీటు మీద కూర్చున్న ఒక కుండీ. చిన్నకోడలు కావాలనే తెచ్చింది. పరీక్ష పెట్టాలంటే మట్టి కావాలి కదా.

దుకాణదారు వాడని యంత్రాన్ని వెనక్కి తీసుకుని, అత్తగారి వంక భయంగా చూశాడు. "ఈసారి..."

"తీగ లేనిది. కార్డు ఉన్నది," అన్నారు ఆమె ఒక్కొక్క మాటా విడదీసి.

"రెండూనా అమ్మా?"

"రెండూను."

అతను మూడు యంత్రాలు తెచ్చి కారు పక్కన బల్ల మీద వరసగా పెట్టాడు. నాలుగు తలుపులూ తెరిచారు. మొదటిది పెద్దకొడుకు ఎంచినది. మీట నొక్కగానే వీధి అవతల నిద్రపోతున్న కుక్క లేచి నిలబడింది. మట్టిని అది పీల్చలేదు, మింగింది. పెద్దకొడుకు గర్వంగా చుట్టూ చూశాడు. అయితే చిన్నకోడలు ముందు సీటు కింద చెయ్యి పెట్టి యంత్రాన్ని లోపలికి తొయ్యబోతే దాని మూతి ఇనుప పట్టా దగ్గరే ఆగిపోయింది. మణికట్టు మెలితిప్పింది. బరువుకు చెయ్యి కిందికి వాలిపోయింది.

"బలం ఉంది బావగారూ. కాకపోతే బలమున్నదంతా బయటే ఉండిపోతోంది."

వెనక సీటులో చేతులు కట్టుకుని కూర్చున్న పెద్దకోడలు అప్పుడే గట్టిగా తుమ్మింది. మరోసారి తుమ్మింది. ఆపైన ఆమె చేసిన పని ఎవరూ ఊహించలేదు. ఆదివారం కోసం ఉంచిన తెల్ల రుమాలును సంచిలోంచి తీసి, "ఆపకు, పట్టుకో," అని యంత్రం వెనక గాలి వచ్చే రంధ్రాల ముందు చాచింది. కాసేపటికి రుమాలు తిప్పి చూపించింది. మధ్యలో గోధుమరంగు వలయం.

"ముందు పీల్చి వెనక వదులుతోంది. దీన్ని శుభ్రం చెయ్యడం అంటారా? దుమ్ముకు ఊరు చూపించడం అంటారు. మా వార్డులోకి దీన్ని గడప దాటనివ్వరు."

"మేడమ్, ఇన్నేళ్ళలో ఇలా ఎవరూ చూడలేదండీ," అన్నాడు దుకాణదారు.

"ఇప్పుడు చూశారుగా. రెండోది ఇవ్వండి."

తోటికోడలి కోసం కాదు, తన యూనిఫాం కోసం కాదు, పని తప్పుగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి కనుక ఆమె కారు దిగి వచ్చింది. రెండోది చేతి టార్చిలైటంత ఉంది. చిన్నకోడలికి అది ముద్దొచ్చింది. మీట నొక్కితే ఈగ ముసిరినట్టు చప్పుడు చేసింది. మట్టి రేణువులు దాని మూతి ముందు కాస్త ఎగిరి, మళ్ళీ తమ చోట్లలో కూర్చున్నాయి.

"దీనికంటే మా వారు ఊదితే నయం," అంది పెద్దకోడలు.

మూడోది రెండింటికీ మధ్యరకం. మూతికి సన్నటి గొట్టం ఒకటి, మెత్తటి బ్రష్షు ఒకటి తగిలించుకోవచ్చు. చిన్నకోడలు గొట్టాన్ని పట్టా సందులోకి పోనిచ్చింది. అది చివరిదాకా వెళ్ళింది. బ్రష్షు తగిలించి సీటు కుట్ల వెంబడి నడిపించింది. కుట్లలోంచి మట్టి నల్లటి దారంలా లేచి పారదర్శకమైన డబ్బాలోకి పోయింది. పెద్దకోడలు రుమాలు శుభ్రమైన వైపు మడిచి వెనక పట్టుకుంది. తెల్లగానే ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అక్కడ మర్చిపోయావు," అంటూ పెద్దకోడలు సీటు మధ్యలో ఉన్న తడి మట్టిముద్దను చూపించింది. కుండీ అడుగు నుంచి అప్పుడే రాలినది.

"దాన్ని ఇప్పుడు ముట్టుకోకూడదక్కా. ఆరాలి. ఆరితే ఒక్క ఊపులో వచ్చేస్తుంది. తడిగా ఉన్నప్పుడు కదిపితే సీటంతా పూసుకుంటుంది."

పెద్దకోడలి చూపు సీటు మీద నిలిచిపోయింది.

"ఏమిటక్కా?"

"రోజూ పొద్దున్న కూర్చునే ముందు డ్రైవరు సీటును తడిగుడ్డతో గట్టిగా తుడుస్తాను నేను."

"తడిగుడ్డతోనా?"

"శుభ్రంగా ఉంటుందని."

చిన్నకోడలు పెదవి కొరుక్కుంది. ఆమె చీపురుతో పొడిమట్టిని కుట్లలోకి తోస్తుంటే, ఈమె తడిగుడ్డతో దాన్ని బురద చేసి సీటంతా పూసి, తానే తెల్ల యూనిఫాంతో దాని మీద కూర్చుంటోంది. ఇద్దరూ ఎవరి వంతు వారు శ్రద్ధగా చేశారు. ఒకరు చేస్తున్నది మరొకరికి చెప్పలేదు, అంతే.

"నవ్వితే చంపేస్తాను," అంది పెద్దకోడలు.

"నేను నవ్వట్లేదు."

"నీ భుజాలు నవ్వుతున్నాయి."

ఇద్దరూ నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. కొత్త విషయం బయటపడినప్పుడు నవ్వే అలవాటు ఆమెకు లేదు.

అంతలో యంత్రం గొంతు మారింది. ఎవరో ముక్కు మూసినట్టు కీచుమని ఏడ్చింది. చిన్నకోడలు గొట్టం తీసి చూస్తే వెండిరంగు కాగితం ఉండ ఒకటి అడ్డుపడి ఉంది. దాన్ని లాగి మళ్ళీ మీట నొక్కింది. ఈసారి అసలు పలకలేదు.

"బ్యాటరీ!" అని పెద్దకొడుకు దాదాపు గంతేశాడు. రెండు రోజుల చదువుకు ఫలం దక్కే ఘడియ అది. "దుకాణంలో నమూనాకు పెట్టింది కదా, చార్జింగ్ నిండుగా ఉండదు. కానీ ఇంట్లోనూ ఇంతే. సగంలో ఆగిపోతే? అందుకే మొదటినుంచీ చెప్తున్నాను, విడిగా ఊడివచ్చే బ్యాటరీ ఉండాలని! దీనికి ఊడుతుంది. ఇంకోటి కొనుక్కుంటే ఒకటి వాడుతుంటే ఒకటి చార్జింగులో ఉంటుంది. ఎవరైనా విన్నారా నా మాట?"

నిజానికి ఎవరూ వినలేదు. ఇప్పుడు విన్నారు.

"ఇది మాత్రం మీ గెలుపే బావగారూ," అంది చిన్నకోడలు. అతని ముఖం వెలిగిపోయింది.

దుకాణదారు డబ్బాను చెత్తబుట్టలో దులపబోయాడు.

"ఆగండి," అన్నారు అత్తగారు. "సాక్ష్యం పారెయ్యకూడదు."

బల్ల మీద పాత పేపరు పరిపించి డబ్బాను దాని మీద బోర్లించారు. జడపిన్ను ఒకటి తీసి మెల్లగా వేరుచేయసాగారు. మట్టి ఒక కుప్ప అయింది. పక్కన ఎర్రటి వేరుశనగ పొట్టు చేరింది.

"డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఆకలేస్తుంది," అంది పెద్దకోడలు, ఎవరూ అడగకముందే.

తర్వాత తెల్లటి గుండ్రటి కాగితపు చుక్కలు. ఆఫీసులో కాగితాలకు రంధ్రాలు పెట్టే పంచింగ్ మిషన్ నుంచి రాలిపడేవి. పెద్దకొడుకు వంగి తన ప్యాంటు అంచు మడతలు చూసుకున్నాడు. అక్కడ ఇంకా నాలుగు ఉన్నాయి.

చివరగా వెండిరంగు కాగితాలు. అందులో ఒకటి యంత్రం గొంతు నొక్కినది. అందరూ వాటిని చూశారు. ఆపైన అత్తగారి చేతిసంచిని చూశారు. దాని జేబులోంచి దగ్గుబిళ్ళల పొట్లం తొంగిచూస్తోంది.

"కారు కదిలితే నాకు గొంతు ఎండిపోతుంది," అన్నారు ఆమె.

"అది కారణం మాత్రమే అత్తయ్యా, నిర్దోషి అనిపించుకోవడానికి చాలదు," అంది పెద్దకోడలు.

అత్తగారు జడపిన్నును తుడిచి జడలో పెట్టుకున్నారు. "రాసుకోదగ్గ మాటే," అని ఒప్పుకున్నారు.

మూడో యంత్రాన్నీ, రెండో బ్యాటరీనీ కొన్నారు. గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ సరిగా పడ్డాయో లేదో అత్తగారు వెలుతురులో పెట్టి చూసుకున్నారు.

ఆ సాయంత్రం చిన్నకోడలు ఒక్కతే కారు దగ్గర కూర్చుంది. పెద్దకోడలు సాయం వస్తానంటే, "వద్దక్కా, ఇది నా పరీక్ష," అంది. ముద్దలను ఆరనిచ్చి, ఆరినదాన్ని పీల్చి, పట్టాల సందులూ తలుపు జేబులూ అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని, వెలుగు తగ్గేవేళకు పైకి వచ్చింది. భోజనం చేస్తున్నంతసేపూ ఆమె గోళ్ళలో మట్టి ఉంది. అది కారులోది కాదని, అంతకుముందు మొక్కలకు పోసినదని తనంతట తానే చెప్పింది.

ఆదివారం ఉదయం అందరూ సందులోకి దిగారు. పెద్దకోడలు ఉతికి ఇస్త్రీ చేసిన రుమాలును అత్తగారి చేతిలో పెట్టింది. ఆమె వెనక సీటును ఈ చివరనుంచి ఆ చివరకు తుడిచారు. రుమాలు చూశారు. కుట్ల మీద వేలుతో అదిమి తుడిచారు. మళ్ళీ చూశారు. చిన్నకోడలు దీపస్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఇటివ్వండి అత్తయ్యా," అని పెద్దకోడలు రుమాలు తీసుకుంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, డ్రైవరు సీటు కింద, పట్టా లోపలి అంచున, ఎవరూ చూడని చోట వేలు పెట్టి తుడిచింది. రుమాలును బయటికి తీసి వెలుతురులో పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది.

"ఏమీ లేదు," అంది చివరికి. మా వార్డులో కూడా ఇంత శుభ్రం ఉండదు, అని గొణిగింది గాని, అది అందరికీ వినబడింది.

అత్తగారు గొంతు సవరించుకున్నారు. దగ్గుబిళ్ళ నోట్లో వేసుకుని, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తన సంచిలోనే పెట్టుకున్నారు.

"మొక్కలు కారులో ఎక్కుతాయి. ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు. కుండీల అడుగున వెడల్పాటి ట్రే ఒకటి ఉండాలి. సీటు మీద తడిగుడ్డ పెట్టకూడదు. ఇక మూడోది. డబ్బాలో దొరికినవన్నీ నేను చూశాను. మట్టి ఒకరిదే కావచ్చు, చెత్త మాత్రం అందరిదీ. ఇన్నాళ్ళూ ఊడ్చిన చెయ్యి ఒకటే. అది అన్యాయం. ఇకనుంచి వారానికొకరు. నాతో సహా."

"మీరెందుకు అత్తయ్యా, నేను..." అని చిన్నకోడలు అనబోయింది.

"తీర్పు చదివాక వాదన వినరు."

అందరూ పైకి వచ్చారు. పెద్దకోడలు తాళంచెవిని కొక్కేనికి తగిలిస్తూ, "రేపు మధ్యాహ్నం త్వరగా తెచ్చేస్తాను. పెద్ద కుండీలుంటే చెప్పు, ముందు సీటు ముందుకు జరిపి వస్తాను," అంది. చిన్నకోడలు తల ఊపింది.

పెద్దకొడుకు సోఫాలో కాళ్ళు చాపి ఫోన్ తీశాడు. ట్రేల గురించి పది మంది ఏమన్నారో చదవడం మొదలుపెట్టాడు. అత్తగారు గ్యారంటీ కార్డును బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి, బీరువా మూసి, చార్జింగులో ఉన్న యంత్రాన్ని తీసి తెచ్చి కొడుకు ఒళ్ళో పెట్టారు.

"ఒరేయ్, ఖాళీగానే ఉన్నావుగా."

"అమ్మా, కారు ఇప్పుడేగా శుభ్రంగా ఉందన్నారు!"

"మనం నలుగురం తలుపులన్నీ తెరిచాం, చేతులూ మోకాళ్ళూ ఆనించాం. పైగా డిక్కీ ఎవరూ ముట్టుకోలేదు. అక్కడంతా నీ కాగితపు చుక్కలే. లే."

అతను భార్య వంక చూశాడు. ఆమె వేరుశనగలు ఒలుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అతను లేచాడు.

చిన్నకోడలు మేడ మీదికి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోయసాగింది. కాసేపటికి కింద సందులోంచి యంత్రం చప్పుడు వినిపించింది. మధ్యలో అది కీచుమంది, ఆగింది, ఎవరో విసుక్కున్నారు, మళ్ళీ మొదలైంది. ఆమె చెంబు పక్కన పెట్టి, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఆ చప్పుడు ఆగేంతవరకు ఖాళీగా నిలబడింది.